కాటా ఎక్కించే ముందు సున్నా చూపించండి

తెలుగు టీవీ చర్చల్లో కూర్చునే రాజకీయ విశ్లేషకులకు నాదెండ్ల నుంచి బహిరంగ లేఖ



నేను పల్నాడు జిల్లా నాదెండ్లలో ఉండే రిటైర్డ్ ఉపాధ్యాయుణ్ణి. హైస్కూల్లో సోషల్ చెప్పాను. ఇప్పుడు మూడెకరాల్లో పత్తి, మిర్చి వేసుకుంటున్నాను. సర్వీసులో ఉన్నన్నాళ్లూ ఎన్నికలు వచ్చాయంటే నాకు డ్యూటీ పడాల్సిందే. మొదట పోలింగ్ ఆఫీసరుగా, తర్వాత ప్రిసైడింగ్ ఆఫీసరుగా గురజాల, మాచర్ల వైపు ఊళ్లు చాలా తిరిగాను. మీలో పత్రికల్లో ముప్పయ్యేళ్లు పనిచేసినవారున్నారు. యూనివర్సిటీల్లో పాఠం చెప్పినవారు, పెద్ద పదవులు చేసి దిగినవారు ఉన్నారు. పొద్దుగూకి అన్నాలు తినే వేళకు మా ఇళ్లలోకి వచ్చి కూర్చుంటారు. ఇంటికొచ్చిన పెద్దమనిషితో ఎలా మాట్లాడతామో అలాగే మనసులో మాట చెబుతాను. కోపంలో ఒక మాట ఎక్కువైతే, అది ఈ జిల్లా మీద ప్రేమతో వచ్చిందనుకోండి.

నేను అడిగేది ఒక్కటే. మీకు పార్టీ ఉంటే ఉండనివ్వండి, తూకం మాత్రం అందరికీ ఒక్కటే పెట్టండి.

మా నాన్న పత్తి అమ్మేటప్పుడు ఒక పద్ధతి పాటించేవాడు. బేరగాడు ఊళ్లోకి కాటా తెచ్చి దించగానే బోరేలు ఎత్తనిచ్చేవాడు కాదు. "ముందు ఖాళీ కాటా చూపించు" అనేవాడు. ముల్లు సున్నా మీద కుదురుగా నిలబడేదాకా అక్కణ్నుంచి కదిలేవాడు కాదు. బేరగాడు చుట్టమైనా అంతే, మా కులంవాడైనా అంతే. ఇప్పుడు ఎలక్ట్రానిక్ కాటాలొచ్చాయి. చేతిలో రిమోట్ దాచుకుని తూకం తగ్గించే మోసమూ వచ్చింది. ఏడాది పొడుగునా పురుగుతో, వానతో, అప్పుతో కొట్టుకుని తీసిన పత్తి ఆ ఒక్క నిమిషంలో క్వింటాకు ఇన్ని కిలోలని పోతుంది. ఆ నష్టం కళ్లకు కనపడదు. రైతు ఇంటికెళ్లి లెక్క చూసుకున్నప్పుడే తెలుస్తుంది. ఎన్నికల నెలల్లో మీ చర్చలు చూస్తున్నప్పుడల్లా నాకు ఆ కాటాయే గుర్తొస్తోంది.

ముందు నా కళ్లతో చూసింది ఒకటి చెబుతాను.

మా ఎరుకలో ఇద్దరు తోడల్లుళ్లున్నారు. పెద్దాయన తెలుగుదేశం, చిన్నాయన వైసీపీ. ఏళ్ల తరబడి ఒకే ట్రాక్టరుతో ఇద్దరి పొలాలూ దున్నుకున్నారు. 2024 మార్చి 30న ఎన్నికల సంఘం, ఎన్నికల నియమావళి అమల్లో ఉన్నంతకాలం వాలంటీర్లు పెన్షన్లు పంచకూడదని ఆదేశించింది. ఏప్రిల్ 3 నుంచి సచివాలయాల దగ్గర ఇవ్వడం మొదలుపెట్టారు. మంచి ఎండాకాలం. వీళ్ల అత్తగారికి మోకాళ్లు పనిచేయవు. ఆధార్ కార్డు ప్లాస్టిక్ కవర్లో చుట్టి, కొంగు నెత్తిన వేసుకుని టీ కొట్టు అరుగు మీద కూర్చుంది, అల్లుళ్లలో ఎవరో ఒకరు బండి మీద తీసుకెళ్తారని. అల్లుళ్లిద్దరూ ఆ కొట్టు ముందే నిలబడి వాదించుకుంటున్నారు. "మీవాళ్లు ఫిర్యాదు చేయబట్టే గదా అన్నాయ్, ముసలోళ్లకు ఈ తిప్పలు" అని చిన్నాయన. "ఉద్యోగులు లేరా? ఇళ్లకు పంపి ఇవ్వొచ్చుగా? కావాలని ఎండలో నిలబెట్టారు మీవాళ్లు" అని పెద్దాయన. ఆ మాటలు వాళ్లవి కావు. అంతకు ముందు రాత్రి రెండు చానళ్లలో నేను విన్నవే. ఆ ఉపమానాలు, ఆ విరుపులు కూడా అవే. చివరికి ఆవిడే అంది: "నన్ను ముందు తీసుకుపోండయ్యా, తర్వాత కొట్టుకుందురుగాని."

ఆమెను పక్కింటి పిల్ల ఆటోలో తీసుకెళ్లింది. తోడల్లుళ్లు ఆ రోజు ఇంకో గంట వాదించుకున్నారు. ఆ ఏడాది దుక్కికి ఇద్దరూ వేరే వేరే ట్రాక్టర్లు కిరాయికి తెచ్చుకున్నారు.

ఆ ఆదేశం రాకముందు అదే వాలంటీరు వ్యవస్థ మీద మీరు ఏం మాట్లాడారో గుర్తు చేసుకోండి. 2019 ఆగస్టు 15న అది మొదలైంది. ఒక వైపు కూర్చున్నవారికి వాలంటీరు ఇంటింటికీ వచ్చే దేవుడు, ఇంకో వైపు కూర్చున్నవారికి ఇంటి గుట్టు పార్టీకి మోసే గూఢచారి. 2024 ఉగాది నాడు చంద్రబాబు నాయుడు గారు వాలంటీర్లను కొనసాగిస్తామని, నెలకు 5 వేలున్న గౌరవ వేతనం 10 వేలు చేస్తామని ప్రకటించారు. అంతదాకా గూఢచారి అన్న నోళ్లు ఆ రాత్రి సేవాభావం గురించి మాట్లాడాయి. దేవుడు అన్న నోళ్లు, ఇంత డబ్బు ఎక్కణ్నుంచి తెస్తారని అడిగాయి. ఎన్నికలయ్యాక ఆ వ్యవస్థ నడవలేదు. అప్పుడు ఇటువాళ్లూ అటువాళ్లూ మళ్లీ స్థానాలు మార్చుకున్నారు. వాలంటీరుగా పనిచేసిన కుర్రాడికి ఏది న్యాయమని మాత్రం ఏ చర్చలోనూ తేలలేదు.

ఇక పల్నాడు గురించి. నేను ఈ ఉత్తరం రాయడానికి అసలు కారణం ఇదే.

2019 ఏప్రిల్ 11, పోలింగ్ రోజు. సత్తెనపల్లి నియోజకవర్గం ఇనిమెట్లలో పోలింగ్ కేంద్రం దగ్గర అప్పటి స్పీకర్ కోడెల శివప్రసాదరావు గారి మీద దాడి జరిగింది. రాష్ట్ర శాసనసభకు సభాపతి ఆయన. ఆ రాత్రి ఒక పక్క విశ్లేషకులు, ఆయన లోపల ఎందుకు కూర్చున్నారన్నదే అసలు ప్రశ్న అన్నారు. చొక్కా చించినవాళ్ల ఊసు వెనక్కి పోయింది. ఇంకో పక్కవాళ్లు ప్రజాస్వామ్యం మీద దాడి అన్నారు.

2024 మే 13, మళ్లీ పోలింగ్ రోజు. మాచర్ల నియోజకవర్గం రెంటచింతల మండలం పాల్వాయి గేటు, 202వ నంబరు పోలింగ్ కేంద్రం. అప్పటి ఎమ్మెల్యే పిన్నెల్లి రామకృష్ణారెడ్డి గారు లోపలికి వెళ్లి ఈవీఎం ఎత్తి నేలకేసి కొట్టిన దృశ్యం వారం తర్వాత దేశమంతా చూసింది. ఈసారి అయిదేళ్ల కింద ప్రజాస్వామ్యం పేరెత్తని వైపు వాళ్లు, వీడియో ఎలా బయటికి వచ్చిందన్నదే అసలు ప్రశ్న అన్నారు. ప్రజాస్వామ్యం మీద దాడి అన్న మాట మాత్రం 2019లో ఎక్కడ వినిపించిందో ఈసారీ అక్కడే వినిపించింది. మాచర్ల నియోజకవర్గంలోనే ఏడు కేంద్రాల్లో ఈవీఎంలు పాడుచేశారని ఎన్నికల సంఘం చెప్పింది. ఆ ఏడింటి గురించీ ఒకే గొంతుతో మాట్లాడినవారిని నేను వేళ్ల మీద లెక్కపెట్టగలను.

2022 జనవరిలో వెల్దుర్తి మండలం గుండ్లపాడులో తెలుగుదేశం కార్యకర్త హత్య జరిగింది. 2024 జులైలో వినుకొండలో వైసీపీ కార్యకర్తను నడిరోడ్డు మీద నరికి చంపారు. ఇద్దరూ పల్నాడు బిడ్డలే, ఇద్దరూ ఇంటి దీపాలే. మొదటి చావును రాజకీయ హత్య అన్నవారిలో ఎక్కువమంది రెండోదాన్ని పాత కక్ష అన్నారు. రెండోదాన్ని రాజకీయ హత్య అన్నవారిలో ఎక్కువమంది మొదటిదాన్ని పాత కక్షే అన్నారు. పల్నాడులో పాత కక్షలు లేవని నేను చెప్పను, ఇక్కడ పుట్టి పెరిగినవాణ్ణి. కక్షకు రాజకీయం ఎప్పుడు తోడవుతుందో, ఎలా తోడవుతుందో విప్పి చెప్పడమే గదా విశ్లేషణ! చచ్చినవాడి పార్టీ చూసి చావుకు పేరు పెడితే దాన్నేమనాలి?

మీరు చెప్పే మాటకు ఇక్కడ ఒక ఫలితం ఉంటుంది. హత్య చేసినవాడికి ఆ రాత్రి టీవీలో ఒక సమర్థన దొరుకుతుంది. చచ్చినవాడి తమ్ముడికి ఆ సమర్థన చెవిన పడుతుంది. మీరు స్టూడియోలో దీపాలు ఆర్పి, కారెక్కి, ఇంటికెళ్లి పడుకుంటారు. ఇక్కడ ఆ రాత్రి ఒక ఇంట్లో గొడ్డలికి పదును పెడతారు, ఇంకో ఇంట్లో పిల్లల్ని అమ్మమ్మ ఊరికి పంపేస్తారు. 2024 పోలింగ్ తర్వాత మూడు రోజులకు మా జిల్లా కలెక్టరును బదిలీ చేసి, ఎస్పీని సస్పెండ్ చేశారు. 144 సెక్షన్ పెట్టారు. ఆ రోజుల్లో నరసరావుపేట బజార్లో షట్టర్లు సగం దించి వ్యాపారం చేసినవారికి, కూలికి పోలేక ఇంట్లో కూర్చున్నవారికి ఏ పార్టీ పూచీ పడింది?

మాట్లాడే స్వేచ్ఛ విషయంలోనూ ఇదే జరిగింది. ఇది నేరుగా మీ వృత్తికి సంబంధించింది కాబట్టి దీని దగ్గర కొంచెం ఆగుతాను. 2021 మేలో అప్పటి ఎంపీ రఘురామకృష్ణరాజు గారిని రాజద్రోహం కేసులో అరెస్టు చేశారు. ఆయన మాటలు ప్రసారం చేశారని టీవీ5, ఏబీఎన్ చానళ్ల మీదా అదే సెక్షన్ పెట్టారు. ఆ చానళ్ల మీద కఠిన చర్యలు తీసుకోవద్దని సుప్రీంకోర్టు ఆ నెలాఖరున చెప్పింది. 2025 జూన్ 9న సాక్షి టీవీ చర్చ నడిపిన సీనియర్ జర్నలిస్టు కొమ్మినేని శ్రీనివాసరావు గారిని అరెస్టు చేశారు. ఆ చర్చలో అతిథి ఒకరు అమరావతి మహిళలను దారుణంగా కించపరిచారు. ఆ మాటలు నాకూ కడుపు మండించాయి. ఏ ఆడబిడ్డను అన్నా అవి క్షమించరాని మాటలే. అయితే అతిథి అన్న మాటకు చర్చ నడిపినవారిని జైల్లో పెట్టడం సబబా అన్న ప్రశ్న వేరు. నాలుగు రోజులకు సుప్రీంకోర్టు ఆయనకు బెయిల్ ఇచ్చింది.

రెండు సంఘటనలూ పక్కపక్కన పెట్టి చూడండి. ఒకరు అన్న మాటకు దాన్ని ప్రసారం చేసినవారినో, వేదిక ఇచ్చినవారినో ప్రభుత్వం కేసుల్లో ఇరికించింది. మొదటిసారి పత్రికా స్వేచ్ఛ కోసం గొంతు చించుకున్నవారు రెండోసారి తగిన శాస్తి జరిగిందన్నారు. మొదటిసారి చట్టం తన పని తాను చేసుకుపోతుందన్నవారు రెండోసారి ఎమర్జెన్సీ అన్నారు. స్వేచ్ఛ అనేది మన వాళ్లకు మాత్రమే కావాలనుకుంటే, ప్రభుత్వం మారిన రోజున అది ఎవరికీ మిగలదు. ఈ సంగతి మా హైస్కూలు పిల్లలకు ప్రాథమిక హక్కుల పాఠంలో చెప్పేవాణ్ణి. మీకు చెప్పాల్సి రావడమే నాకు బాధగా ఉంది.

మిగతావి త్వరగా చెబుతాను. 2019లో తెలుగుదేశం సహా 21 ప్రతిపక్షాలు సగం వీవీప్యాట్లు లెక్కించాలని సుప్రీంకోర్టుకు వెళ్లాయి. ఒక్కో అసెంబ్లీ స్థానానికి అయిదు కేంద్రాలవి లెక్కించమని కోర్టు చెప్పింది. వైసీపీ 151 స్థానాలతో గెలిచింది, ఆ పార్టీ వైపు విశ్లేషకులకు యంత్రం మీద అనుమానమే రాలేదు. 2024లో తెలుగుదేశం కూటమికి 164 వచ్చి వైసీపీ 11 దగ్గర ఆగాక, జూన్ 18న జగన్మోహన్ రెడ్డి గారు బ్యాలెట్ పేపర్లు కావాలన్నారు. యంత్రాలు అవే, వాటిని శంకించినవారూ సమర్థించినవారూ చోట్లు మార్చుకున్నారు. ప్రత్యేక హోదా మాట ఎప్పుడూ ఎదుటివాడి పాలనలోనే గుర్తొస్తుంది. 2019 ఫిబ్రవరిలో గుంటూరు సభలో చంద్రబాబు గారిని ఎండగట్టిన ప్రధాని మోదీ గారు, 2024 మార్చి 17న మా పక్కనే బొప్పూడి సభలో ఆయన పక్కన కూర్చున్నారు. పొత్తులు నాయకుల అవసరం, అది వాళ్లు చూసుకుంటారు. ఆ అయిదేళ్లలో ఒక్క మాట కూడా మార్చుకోనట్టు మాట్లాడిన విశ్లేషకులను చూస్తే మాత్రం నాకు దిగులేసింది. పొత్తు లేకుండానే పార్లమెంటులో కేంద్రానికి వరసగా మద్దతిచ్చిన వైసీపీ సంగతి వదిలేసి, పొత్తును తప్పుబట్టినవారిని చూసినా అంతే దిగులేసింది.

భూ హక్కుల చట్టం కూడా అంతే. నీతి ఆయోగ్ నమూనా చట్టం దగ్గర మొదలై, రాష్ట్రంలో చట్టమై, 2024 ప్రచారంలో రైతును రాత్రి నిద్రపోనివ్వని భయమై, ఎన్నికలయ్యాక రద్దయింది. ఆ చట్టంలో ఏ సెక్షన్ ఏం చెబుతోంది, సివిల్ కోర్టుకు వెళ్లే దారి ఉందా లేదా అన్న ముక్క మా ఊరి రైతుకు ఓపిగ్గా చదివి వినిపించిన చర్చ నేను చూడలేదు. ఒకరు "మీ పొలం పోయింది" అన్నారు. ఇంకొకరు "మీ పొలానికి కాపలా వచ్చింది" అన్నారు. ఎకరం కోసం తల తాకట్టు పెట్టే చోట ఇలాగేనా మాట్లాడేది?

ఈ జబ్బు మన దగ్గరే ఉందని నేను అనను. 2016లో అమెరికాలో సుప్రీంకోర్టు న్యాయమూర్తి పదవికి ఒబామా మెరిక్ గార్లండ్ పేరు పంపితే, ఎన్నికల ఏడాదిలో నియామకం కూడదని సెనేట్ ఆపేసింది. 2020లో పోలింగ్ ఇంకా ఎనిమిది రోజులుందనగా అదే పార్టీ ఆధిపత్యంలోని సెనేట్ ఎమీ కోనీ బారెట్ నియామకాన్ని ఆమోదించింది. రెండోసారి అక్కడి వ్యాఖ్యాతల్లో చాలామంది తమ పాత వాదాన్ని తిరగేసి వాడారు. దీని మూలం కూడా అక్కడివాళ్లే చూపించారు. 1951లో ప్రిన్స్‌టన్, డార్ట్‌మత్ కాలేజీల మధ్య మొరటుగా సాగిన ఒక ఫుట్‌బాల్ ఆట ఫిల్మును రెండు కాలేజీల విద్యార్థులకూ చూపించారు హేస్టార్ఫ్, కాంట్రిల్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు. డార్ట్‌మత్ జట్టు చేసిన తప్పులు ప్రిన్స్‌టన్ పిల్లలకు, అవతలి కాలేజీ పిల్లలకు కనపడినవాటికి రెండింతలు కనపడ్డాయి. వాళ్లు అబద్ధం చెప్పలేదు, వాళ్ల కంటికి అంతే కనపడింది. మనిషి కన్ను మన జట్టు తప్పును చిన్నది చేసి చూపిస్తుంది. మా తోడల్లుళ్లకు జరిగింది అదే. గ్యాలరీలో కూర్చున్నవాడికి అలా కనపడితే క్షమించొచ్చు. అంపైరు కుర్చీలో కూర్చుని, పాత రికార్డులు చేతిలో ఉండి, ఆలోచించడానికి పగలంతా ఉన్నవారికి ఆ వెసులుబాటు లేదు.

డబ్బు సంగతి కూడా దాచలేం. 2009 ఎన్నికల్లో వార్తల ముసుగులో ప్రకటనలు అమ్ముకున్న తీరు మీద మన రాష్ట్ర జర్నలిస్టు సంఘమే ముందు గొంతెత్తింది. ప్రెస్ కౌన్సిల్ వేసిన ఇద్దరు సభ్యుల ఉపసంఘంలో పరంజయ్ గుహా ఠాకుర్తాతో పాటు మన కె. శ్రీనివాసరెడ్డి గారున్నారు. వాళ్లు 2010లో నివేదిక రాశారు. తెలుగు జర్నలిస్టులకు నిజం చెప్పే దమ్ము లేదని ఎవరైనా అంటే నేను ఆ పేరు చెబుతాను. అప్పుడు వార్త అమ్ముడుపోయింది. ఇప్పుడు అభిప్రాయానికి కూడా ఆ మరక అంటుతోందని జనం అనుకుంటున్నారు. సాక్షి జగన్మోహన్ రెడ్డి గారి కుటుంబం పెట్టిన సంస్థ. టీవీ5 అధిపతి 2024లో తిరుమల తిరుపతి దేవస్థానం బోర్డు ఛైర్మన్ అయ్యారు. అంతకు ముందున్న ప్రభుత్వం కొమ్మినేని గారికి మీడియా అకాడమీ ఛైర్మన్ పదవి ఇచ్చింది. పదవి తీసుకోవడం నేరం కాదు. చూసేవాడికి ఆ సంగతి తెలిసి ఉండాలి, అంతే. మాట్లాడుతున్నది విశ్లేషకుడా, పార్టీ మనిషా అన్నది పేరు కింద రాస్తే, వినేవాడు దానికి తగ్గట్టు తరుగు తీసుకుని వింటాడు.

మా తప్పూ ఉంది, ఒప్పుకుంటాను. మాకు నచ్చిన మాట చెప్పే చానలే పెడతాం. మా వాణ్ణి తిట్టినవాడి గొంతు వినపడగానే రిమోట్ నొక్కేస్తాం. మేం చూడబట్టే ఆ చర్చలు నడుస్తున్నాయి. కానీ మేం మారడానికైనా ముందు మీలో ఒకరు మొదలుపెట్టాలి. వైద్యుడికీ రోగికీ ఒకే జబ్బు ఉంటే, మందు ముందు వైద్యుడే వేసుకోవాలి.

కారెంపూడి వీరుల ఉత్సవాలు అయిదు రోజులు జరుగుతాయి: రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కళ్లిపాడు. చిన్నప్పుడు మా తాత భుజాల మీద కూర్చుని చూశాను. పల్నాటి యుద్ధం గుర్తున్న నేల కాబట్టి రాయబారానికి ఒక రోజంతా కేటాయించారు. అటువాళ్ల మాట ఇటు, ఇటువాళ్ల మాట అటు, తన సొంతం కలపకుండా మోయడమే రాయబారి పని. ఆ పని మా తరఫున మీరు చేస్తారని మేం అనుకున్నాం. పాలకుల మాట మాకు, మా మాట పాలకులకు. నాగార్జునసాగర్ కుడి కాలువ చివరి భూములకు నీళ్లు ఎన్ని తడులొస్తాయి, మిర్చికి ధర పడిపోయిన ఏడాది కౌలు రైతు అప్పు ఎలా తీరుస్తాడు, నకిలీ విత్తనాల కేసులు ఎక్కడ ఆగిపోతున్నాయి, ఇవి మా మాటలు. మీరు రాయబారం వదిలేసి పుంజుల పక్కన చేరారు. బ్రహ్మనాయుడు చాపకూడు పెట్టాడని ఇక్కడి ప్రతి పిల్లవాడికీ తెలుసు, ఒకే చాప మీద అన్ని కులాల వారికీ అన్నం. ఈ గడ్డ మీద పుట్టిన పెద్ద ఆలోచన అది. మీ స్టూడియోలో అందరికీ ఒక్క చాప పరచమనే నేను అడుగుతున్నాను.

చేయగలిగినవే నాలుగు అడుగుతాను.

ఒకటి. ఎన్నికల చర్చలో కూర్చునే ముందు ఏ పార్టీతో, ఏ ప్రభుత్వంతో, ఏ సర్వే సంస్థతో మీకు ఏ సంబంధం ఉందో మొదటి నిమిషంలోనే చెప్పండి.

రెండు. ఒక నాయకుణ్ణి తప్పుపట్టే ముందు, అదే పని మీకు నచ్చిన నాయకుడు చేసినప్పుడు మీరేమన్నారో వెతికి చూడండి. అప్పుడు ఊరుకుని ఉంటే, ఆ సంగతి చెప్పి మొదలుపెట్టండి. 2021లో మాచర్ల మున్సిపాలిటీలో వార్డులన్నీ ఏకగ్రీవమయ్యాయి. 2025 ఆగస్టులో పులివెందుల జడ్పీటీసీ ఉప ఎన్నిక జరిగింది, ఓటర్లను కేంద్రాలకు రానివ్వలేదని వైసీపీ ఆరోపించింది. రెండింటి గురించీ ఒకే పూటలో, ఒకే నోటితో మాట్లాడండి.

మూడు. తప్పు జరిగితే ఒప్పుకోండి. 2018లో తెలంగాణలో, 2019లో ఆంధ్రలో తన అంచనాలు తప్పాక లగడపాటి రాజగోపాల్ గారు ఇక సర్వేలు చెప్పనన్నారు. దాంతో ఆయన పరువేమీ పోలేదు. తప్పినా మళ్లీ అదే గొంతుతో వచ్చి కూర్చునేవారిది పోతోంది.

నాలుగు. చావు జరిగిన రాత్రి పార్టీ రంగు చూడకండి. ఆ ఒక్క రాత్రికైనా.

పోలింగ్ ముగిసే సమయానికి 48 గంటల ముందు ప్రచారం ఆపాలని 1951 ప్రజాప్రాతినిధ్య చట్టం 126వ సెక్షన్ చెబుతుంది. ఓట్లు పూర్తిగా పడేదాకా ఎగ్జిట్ పోల్స్ చెప్పకూడదని 126-ఎ చెబుతుంది. అభిప్రాయం ఎటు మొగ్గాలో చెప్పే సెక్షన్ ఏ చట్టంలోనూ లేదు, ఉండకూడదు కూడా. కాబట్టి అది మీ మనస్సాక్షి చేతిలోనే ఉంది.

చివరిగా ఒక సంగతి. పోలింగ్ ఏడింటికి మొదలైతే అయిదున్నరకే మాక్ పోల్ మొదలుపెడతాం. ఇంకా చీకటిగానే ఉంటుంది. స్కూలు గదిలో ట్యూబులైటు కింద అన్ని పార్టీల ఏజెంట్లూ ఒకే బెంచీ మీద ఇరుక్కుని కూర్చుంటారు. కనీసం యాభై ఓట్లు వేయించి, లెక్క చూపించి, తర్వాత క్లియర్ బటన్ నొక్కుతాం. అప్పుడు యంత్రాన్ని వాళ్ల వైపు తిప్పి, ఒక్కో అభ్యర్థికీ సున్నా చూపిస్తాం. నిన్నటిదాకా తలలు పగలగొట్టుకున్న ఊళ్లో కూడా, ఆ క్షణంలో ఇరుపక్షాల ఏజెంట్లూ మెడలు చాచి అదే సున్నా చూస్తారు. ఒకే కాగితం మీద సంతకం పెడతారు. మాచర్ల వైపు ఒక ఊళ్లో సాయంత్రం పెట్టె సీలు వేసేటప్పుడు నా లక్క అయిపోవస్తే, ఒక పార్టీ ఏజెంటు వెలిగించిన కొవ్వొత్తిని రెండో పార్టీ ఏజెంటు చేత్తో గాలి తగలకుండా కాశాడు, అడుగున మిగిలిన లక్క కరిగేదాకా. ఆ ఊరికి బయట ఉన్న పేరు చెబితే మీరు నమ్మరు.

అది నేను చూశాను. మనుషులు చెడ్డవాళ్లు కారు. ముందు సున్నా చూపిస్తే ఓడినవాడు కూడా లెక్కను నమ్ముతాడు, చూపించకపోతే గెలిచినవాడు కూడా నమ్మడు. స్థానిక ఎన్నికలొచ్చినా, సార్వత్రిక ఎన్నికలొచ్చినా మీరు మళ్లీ మా ఇళ్లకు వస్తారు. రండి, కూర్చోండి, మీ మాటలు మా ముందు కాటా ఎక్కించండి. మా నాన్న బేరగాణ్ణి అడిగిందే నేనూ అడుగుతాను, ముందు ఖాళీ కాటా చూపించండి.

ఇట్లు
మీ మాటలు శ్రద్ధగా వినే
నాదెండ్ల ఓటరు, రిటైర్డ్ ఉపాధ్యాయుడు